మాట మీద చెల్లిన రాగి బిళ్ళలు

నివేదికలో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ పట్టికలు, ఆడిట్ పేజీలు అయిపోయాక చదువుకోవడానికి ఒక వ్యాసం వేయడం మనకు అలవాటు. ఈసారి మేము తీసుకున్నది చిల్లర సంగతి. మన సంతలో చిల్లర కాదు, రెండు వందల ఏళ్ళు దాటిన బ్రిటన్ చిల్లర.

పదో తరగతి సాంఘిక శాస్త్రంలో మనం పారిశ్రామిక విప్లవం పాఠం చదివాం. ఆవిరి యంత్రం, నూలు మిల్లులు, బొగ్గు గనులు, అన్నీ అందులో ఉన్నాయి. వేలమంది పల్లెలు వదిలి మిల్లుల్లో చేరారని కూడా ఉంది. వారం చివర వాళ్ళకి కూలి ఏ డబ్బుతో ఇచ్చారన్నది మాత్రం లేదు. సంఘం డబ్బు లెక్కపెట్టి, ఎవరికి ఎంత అని పంచే పని చేతిలోకి వచ్చాక ఇలాంటి ప్రశ్నలు పుడతాయి. వెతికి చదివితే తెలిసింది ఏమిటంటే, చాలా ఏళ్ళపాటు ఆ దేశంలో కూలి ఇవ్వడానికి సరైన చిల్లరే లేదు. చివరికి గనుల వాళ్ళు, ఇనుము కార్ఖానాల వాళ్ళు, కొట్ల వాళ్ళు తమ సొంత రాగి బిళ్ళలు అచ్చు వేసుకుని నడిపారు.

ముందు వాళ్ళ లెక్క చెప్పుకుందాం. 4 ఫార్దింగులు ఒక పెన్నీ. 12 పెన్నీలు ఒక షిల్లింగు. 20 షిల్లింగులు ఒక పౌను. అంటే పౌనుకి 240 పెన్నీలు. మన అమ్మమ్మలు అణాలు, కానులు, దమ్మిడీలు లెక్కపెట్టినట్టే అనుకోండి. పౌన్లలో, బంగారు గినీల్లో మాట్లాడుకునేది భూస్వాములు, పెద్ద వర్తకులు. కూలి మనిషి ఇంట్లో రొట్టె, ఉప్పు, కొవ్వొత్తి అన్నీ పెన్నీ, అరపెన్నీలతోనే నడవాలి. కాబట్టి రాగి బిళ్ళ లేకపోతే ఇబ్బంది ఎవరికో వేరే చెప్పక్కర్లేదు.

రాజుగారి టంకశాల లండన్ కోటలో ఉండేది. మూడో జార్జి రాజు పేరు మీద 1770 నుంచి 1775 దాకా రాగి అరపెన్నీలు కొట్టారు. ఆ తర్వాత 1797 వరకు, అంటే 22 ఏళ్ళు, రాగి నాణెమే కొట్టలేదు. మిల్లులు, గనులు, ఊళ్ళు పెరిగిపోతున్న కాలం సరిగ్గా అదే. కారణాలు చదివితే విసుగొస్తుంది. టంకశాల దృష్టిలో బంగారమే అసలు డబ్బు. రాగి వాళ్ళకి తక్కువరకం పని. కొట్టినా లండన్ కోట దగ్గరికే వచ్చి తీసుకెళ్ళాలి. దూరాన ఉన్న మిల్లు ఊరికి బండిమీద మోసుకెళ్ళే ఖర్చు తీసుకునేవాడిదే. ఇంకో పెద్ద లోపం, ఒకసారి బయటికి వెళ్ళిన రాగిని టంకశాల వెనక్కి తీసుకోదు. ఊళ్ళో కొట్టువాడి దగ్గర బస్తాల కొద్దీ అరపెన్నీలు పేరుకుపోతే వాటిని ఇచ్చి వెండి తెచ్చుకునే దారి లేదు. ఒక చోట రాగి గుట్టలు, ఇంకో చోట ఒక్క బిళ్ళ కూడా లేదు. వెండి సంగతి కూడా అంతే. టంకశాల ఇచ్చే ధర కంటే బయట బజారులో వెండి ధర ఎక్కువ. అందుకని టంకశాలకి వెండి తెచ్చేవాళ్ళు లేరు, కొత్త షిల్లింగులు రాలేదు. ఉన్నవి అరిగిపోయి బొమ్మ కూడా కనపడకుండా నున్నగా అయిపోయాయి.

ఖాళీ చోటు ఖాళీగా ఉండదు. దొంగ నాణేలు నిండాయి. 1787లో టంకశాల వాళ్ళే చలామణిలో ఉన్న అరపెన్నీలను ఏరి చూస్తే, రాజుగారి నాణెంలా ఓ మాదిరిగానైనా కనపడేవి నూటికి 8 మాత్రమే. మిగతావి తేలిక బిళ్ళలు, ఏ అచ్చూ లేని ఉత్త రేకులు, వట్టి చెత్త. అయినా జనం తీసుకున్నారు. తీసుకోకపోతే ఆ రోజు రొట్టె లేదు మరి.

ఇక్కడ ఒక సంగతి ఆగి చెప్పాలి. బర్మింగ్‌హాంలో మాథ్యూ బౌల్టన్ అని పెద్ద కార్ఖానాదారు ఉండేవాడు. ఆవిరి యంత్రం చేసిన జేమ్స్ వాట్‌కి భాగస్వామి ఆయనే. 1789లో ప్రభుత్వ పెద్దకి ఆయన రాసిన ఉత్తరంలో ఉన్న విషయం ఇది: ప్రయాణాల్లో రహదారి సుంకం గేట్ల దగ్గరా, ఇతర చోట్లా తనకి చిల్లరగా వచ్చే అరపెన్నీల్లో మూడింట రెండు వంతులు దొంగవే. అంతకంటే ఘోరం, కొందరు చిన్న కార్ఖానాదారులు 20 షిల్లింగులు ఇచ్చి 36 షిల్లింగుల ముఖవిలువ గల దొంగ రాగి కొని దాన్నే కూలీలకి ఇచ్చేవారు. అంటే మోసం తెలియక జరిగింది కాదు. నూటికి ఎనభై లాభం చూసుకుని చేసింది. ఆ దొంగ బిళ్ళ తీసుకుని కొట్టుకి వెళ్ళే మనిషిని కొట్టువాడు చీదరించుకుంటాడు, లేదా సరుకు తగ్గించి ఇస్తాడు.

దొంగ నాణెం ఇవ్వని యజమానులు ఇంకో పద్ధతి పెట్టారు. నలుగురైదుగురు కూలీలకి కలిపి ఒక పెద్ద నాణెమో, బ్యాంకు నోటో ఇచ్చేవారు. మీలో మీరు పంచుకోండి అని. పంచుకోవాలంటే మార్చాలి. మార్చే చిల్లర ఎవరి దగ్గర ఉంటుంది? సారా కొట్లో. కొట్టువాడు ఊరికే మారుస్తాడా, ముందు తాగాలి. కూలి డబ్బు ఇంటికి చేరేలోపే కొంత అక్కడ కరిగిపోయేది. 1990ల్లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం ఎరిగిన మన నెల్లూరు అక్కలకి ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఆ ఆడవాళ్ళు శనివారం రాత్రి గుమ్మంలో నిలబడి ఎదురుచూసి ఉంటారని మాత్రం మేము అనుకుంటున్నాం.

మొదటి రాగి బిళ్ళలు వేల్స్ దేశానికి ఉత్తరాన ఉన్న ఆంగ్లెసీ అనే ద్వీపం నుంచి వచ్చాయి. అక్కడ పారిస్ కొండ ఉంది. పేరు విని ఫ్రాన్సు పారిస్ అనుకోవద్దు, దానికీ దీనికీ సంబంధం లేదు. 1768లో ఆ కొండలో రాగి పెద్ద ఎత్తున దొరికింది. కొన్నేళ్ళలోనే ప్రపంచంలో పేరున్న రాగి గనుల్లో అదొకటైంది. ఓడల అడుగుభాగానికి తొడిగే రాగి రేకులు ఎక్కువగా అక్కడి రాగితోనే. గని వ్యవహారం నడిపిన థామస్ విలియమ్స్ వృత్తికి లాయరు. తర్వాత ఆయనకి రాగి రాజు అనే పేరు వచ్చింది.

ఆ గనిలో ఆడవాళ్ళ పని వేరుగా ఉండేది. మగవాళ్ళు కొండ తవ్వి పైకి తెచ్చిన రాళ్ళని ఆడవాళ్ళు వరసగా కూర్చుని సుత్తులతో చిన్న ముక్కలుగా కొట్టేవారు. రాగి ఉన్న ముక్క ఒక పక్కకి, ఉత్త రాయి ఒక పక్కకి. రాయిని పట్టుకునే చేతికి వేళ్ళమీద ఇనుప పట్టీలున్న తొడుగు, రెండో చేతిలో సుత్తి. అక్కడివాళ్ళు వీళ్ళని కాపర్ లేడీలు అనేవారు. మన దగ్గర రోడ్డు పక్కన కంకర కొట్టే ఆడవాళ్ళని చూసినవాళ్ళకి ఆ పని ఎలాంటిదో తెలుస్తుంది. మన వాళ్ళకి ఇనుప తొడుగు కూడా ఉండదు, పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టుకుంటారు.

అంత రాగి చేతిలో ఉండి, కూలి ఇవ్వడానికి చిల్లర లేని పరిస్థితి విలియమ్స్‌ది. 1787లో కంపెనీ తన సొంత పెన్నీ కొట్టించింది. ఒక పక్క ముసుగు కప్పుకున్న గడ్డం ముసలాయన తల, చుట్టూ సింధూర ఆకుల దండ. పూర్వం ఆ ద్వీపంలో ఉండిన డ్రూయిడ్ పూజారుల గుర్తు అది. రెండో పక్క కంపెనీ పేరు పొడి అక్షరాలు, చుట్టూ ఒక మాట: ఇది తెచ్చినవారికి ఒక పెన్నీ చెల్లిస్తామని ప్రమాణం చేస్తున్నాం. అంచు మీద, అడిగిన వెంటనే లండన్‌లో గానీ లివర్‌పూల్‌లో గానీ ఆంగ్లెసీలో గానీ ఇస్తామని. మన పది రూపాయల నోటు మీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం పైన ఉండే మాట కూడా ఇలాంటిదే, ఒకసారి తీసి చూడండి.

ఇందులో ఒక విశేషం ఉంది. రాజుగారి టంకశాల అప్పటిదాకా రాగి పెన్నీ కొట్టనే లేదు, అరపెన్నీ, ఫార్దింగే కొట్టింది. కాబట్టి ఆ దేశంలో జనం చేతిలో పడిన మొదటి రాగి పెన్నీ రాజుది కాదు, గని కంపెనీది. బరువు కూడా ఒక ఔన్సు దాకా, అంటే మన 28 గ్రాములు. రాజుగారి రాగి కంటే గట్టి సరుకు. ఇవి సుమారు 250 టన్నుల పెన్నీలు, 50 టన్నుల అరపెన్నీలు తయారయ్యాయి. గని ఊరు దాటి చాలా దూరం ప్రయాణించాయి. ముసలాయన తల చూస్తే చాలు, కొట్టువాడు తీసుకునేవాడు.

అదే 1787లో జాన్ విల్కిన్‌సన్ అనే ఇనుము కార్ఖానాదారు కూడా కొట్టించాడు. ఆయన పూజారి బొమ్మలూ దేవతల బొమ్మలూ వేయలేదు. నాణెం మీద రాజుగారి తల ఉండే చోట తన తలే వేసుకున్నాడు. చుట్టూ తన పేరు, ఇనుము యజమాని అని. వెనక పక్క కొలిమి, సుత్తి. జనం నవ్వుకున్నారు, పత్రికల్లో వెక్కిరించారు. మన దగ్గర ఒక లీడరు సంఘం పాసు పుస్తకం అట్ట మీద తన ఫోటో అచ్చు వేయించుకుంటే మీటింగులో ఏమవుతుందో ఊహించుకోండి. నవ్వినా బిళ్ళని మాత్రం తీసుకున్నారు, ఎందుకంటే విల్కిన్‌సన్ కార్ఖానాలో అడిగితే మార్చి ఇచ్చేవారు.

ఆ తర్వాత ఇక వరద. 1790ల మొదట్లో ఊరూరా బిళ్ళలే. బట్టల కొట్టు, టీ కొట్టు, పుస్తకాల కొట్టు, కాలువ కంపెనీ, నూలు మిల్లు. ఎక్కువ భాగం బర్మింగ్‌హాంలో తయారయ్యేవి. ఆ ఊళ్ళో కోటు గుండీలు అచ్చు కొట్టే కార్ఖానాలు చాలా ఉండేవి. గుండీ కొట్టే యంత్రానికి అచ్చు మారిస్తే బిళ్ళ వస్తుంది. గుండీల పనిలో ఆడవాళ్ళు, ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. కొవెంట్రీ ఊరి బిళ్ళ మీద గుర్రం ఎక్కిన గొడీవా రాణి ఉంది. పన్ను తగ్గించమని భర్తతో పందెం వేసిందని చెప్పుకునే ఆమె. బానిస వ్యాపారం ఆపాలని పోరాడినవాళ్ళు సంకెళ్ళతో మోకరిల్లిన మనిషి బొమ్మ వేసి, నేను మనిషిని కాదా, సోదరుణ్ణి కాదా అనే ప్రశ్నతో బిళ్ళ కొట్టించారు. ఓటు లేని పేదవాడికి కూడా రోజుకి పదిసార్లు చేతిలోకి వచ్చే కాగితం లాంటిదన్నమాట ఆ బిళ్ళ.

ఇప్పుడు మన సంఘాల వాళ్ళకి వెంటనే తట్టే లెక్క ఒకటుంది. ఒక మిల్లు యజమాని 100 పౌన్ల విలువ గల బిళ్ళలు, అంటే 24,000 పెన్నీలు, కూలిగా ఇచ్చాడనుకోండి. రాగి ఖరీదు, అచ్చు కూలి కలిపినా బిళ్ళ మీద రాసిన విలువ కంటే ఆయనకి తక్కువే పడుతుంది. ఆ బిళ్ళలు ఊళ్ళో చేతులు మారుతున్నంత కాలం ఆయన బంగారం తీసి ఇవ్వక్కర్లేదు. అంటే ఆ నూరు పౌన్లూ కూలివాళ్ళు, కొట్టువాళ్ళు కలిసి యజమానికి ఇచ్చిన అప్పు. వడ్డీ లేదు, గడువు లేదు. మనకి సున్నా వడ్డీ రావాలంటే తీర్మానం రాయాలి, అందరం సంతకాలు పెట్టాలి, కిస్తీ ఒక్కరోజు తప్పకూడదు. ఆయనకి ఇవేమీ లేకుండానే వచ్చింది. అప్పు ఇచ్చామని ఇచ్చినవాళ్ళకే తెలియదు.

అలాగని బిళ్ళ అంతా మోసం అనడం కూడా సరి కాదు. దొంగ అరపెన్నీతో పోలిస్తే మంచి యజమాని బిళ్ళ ఎన్నో రెట్లు నయం. దానికి బరువుంది, ఊరు పేరుంది, అడిగే చిరునామా ఉంది. కొట్టువాళ్ళు పోగుపడిన బిళ్ళల్ని యజమాని ఆఫీసుకి తీసుకెళ్ళి వెండో బంగారమో తెచ్చుకోగలిగారు. రాజుగారి టంకశాల చేయని పని అది. మా ఉద్దేశంలో బిళ్ళ మంచిదా చెడ్డదా అనేది రాగిలో లేదు, దాని అంచు మీద రాసిన ఆ చిన్న లైనులో ఉంది. అడిగితే ఎవరు, ఎక్కడ, దేంతో ఇస్తారు?

దేంతో అన్నది చిన్న మాట కాదు. మిల్లుల ఊళ్ళలో యజమాని కొట్టు కూడా యజమానిదే. కూలి బదులు ఆ కొట్లో మాత్రమే చెల్లే చీటీలో, సరుకో ఇచ్చిన చోట్లు ఉన్నాయి. అక్కడ పిండి కల్తీదైనా, ధర ఎక్కువైనా ఇంకో కొట్టుకి వెళ్ళే వీల్లేదు. నాణెంగా మార్చి ఇస్తాం అనే బిళ్ళకీ, మా కొట్లో సరుకు ఇస్తాం అనే చీటీకీ చూడ్డానికి పెద్ద తేడా కనపడదు. మనిషి బతుకులో మాత్రం చాలా తేడా. దీని మీద గొడవలు ఏళ్ళ తరబడి నడిచి, కూలి రాజ్యపు నాణెంలోనే ఇవ్వాలని 1831లో బ్రిటన్‌లో చట్టం వచ్చింది. మన దేశంలో 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనూ అదే మాట ఉండేది, చెల్లే నాణేల్లో గానీ నోట్లలో గానీ ఇవ్వాలని.

బిళ్ళలు పెరిగేకొద్దీ అంచు మీద మాట పలచబడింది. చెల్లించే ఊరి పేరే లేని బిళ్ళలు వచ్చాయి. ఊరి పేరున్నా అక్కడ అలాంటి కొట్టే లేనివి వచ్చాయి. డ్రూయిడ్ ముసలాయన్నీ, విల్కిన్‌సన్ తలనీ కూడా దొంగలు తేలిక రాగితో కొట్టేశారు. ఆనవాలు పట్టాలంటే అంచు చదవాలి, బరువు చూడాలి. చదువు రాని మనిషి బొమ్మని బట్టి తీసుకుంటాడు. చివరికి ఆ బిళ్ళ ఎవరి దగ్గర ఆగిపోతుంది? దాన్ని ఇంకొకరికి అంటగట్టలేని వాళ్ళ దగ్గర. ఈ రోజుకీ మన సంతల్లో పది రూపాయల బిళ్ళ చెల్లదని ఎవరో పుట్టించిన మాటకి నష్టపోయేది ఆకుకూరలమ్మే అవ్వే గదా. రిజర్వు బ్యాంకు చెల్లుతుందని ఎన్నిసార్లు చెప్పినా సరే.

ఆడవాళ్ళ సంగతి ఇంకొంచెం రాయాలి. బంగారం, వెండి నాణేలకి దొంగవి చేస్తే అది రాజద్రోహం కింద లెక్క. ఆ నేరానికి మగవాడికి ఉరి, ఆడదానికి మంటల్లో కాల్చడం. 1789 మార్చి 18న లండన్‌లో న్యూగేట్ జైలు ముందు క్యాథరిన్ మర్ఫీ అనే ఆమెకి ఆ శిక్ష వేశారు. అదే కేసులో భర్తని ఉరి తీశారు, ఆమెని ముందు ఉరి బిగించి చంపి తర్వాత కాల్చారు. ఇంగ్లండులో అలా కాల్చిన చివరి ఆడమనిషి ఆమే. మరుసటి ఏడాది 1790లో ఆ శిక్ష తీసేశారు. దొంగ రాగి టోకున కొని కూలీలకి ఇచ్చిన కార్ఖానాదారుల సంగతి మనం పైన చూశాం. ఆమె నేరం చేయలేదని కాదు మేము అనేది. రెండు సంగతులూ ఒకే ఏడాది కాగితాల్లో ఉన్నాయి, అంతే.

మనకి సంతోషం కలిగించే సంగతి వంద ఏళ్ళ వెనక ఒకటుంది. 1648 నుంచి 1672 దాకా కూడా ఇంగ్లండులో ఇలాగే చిల్లర కరువు వచ్చి కొట్లవాళ్ళు ఫార్దింగు బిళ్ళలు వేసుకున్నారు. వాటి మీద చాలాసార్లు మూడు అక్షరాలు ముక్కోణంగా ఉంటాయి. ఒకటి ఇంటిపేరుది, ఒకటి భర్త పేరుది, ఇంకొకటి భార్య పేరుది. కొట్టు ఇద్దరిదీ అని బిళ్ళే చెబుతోంది. కొన్ని బిళ్ళలు భర్తపోయిన ఆడవాళ్ళు తమ పేరు మీదే వేసినవి. వంద ఏళ్ళ తర్వాత వచ్చిన పెద్ద కంపెనీల బిళ్ళల మీద ఆ రెండో అక్షరం కనపడదు. కొండ కింద రాళ్ళు కొట్టిన ఆడవాళ్ళ గుర్తు ఏ బిళ్ళ మీదా లేదు.

ఇవన్నీ ఇప్పటికీ చూడ్డానికి మిగిలాయంటే అందులో సారా సోఫియా బ్యాంక్స్ అనే ఆమె చలవ కొంత ఉంది. పేరున్న శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌కి చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. నాణేలు, బిళ్ళలు, టిక్కెట్లు, పనికిరావని జనం పారేసే కాగితాలు వేల సంఖ్యలో పోగుచేసి పట్టికలు రాసి పెట్టింది. 1818లో ఆమె పోయాక అవి బ్రిటిష్ మ్యూజియానికీ, రాజ టంకశాలకీ చేరాయి. మన బుక్ కీపరమ్మలు ఆమెని తమ మనిషిగా చెప్పుకోవచ్చు.

ప్రభుత్వం చివరికి 1797లో కదిలింది. ఫ్రాన్సుతో యుద్ధం, బ్యాంకు బంగారం ఇవ్వడం ఆపేసింది, చిల్లర లేక దేశం ఆగిపోయే స్థితి. రాగి కొట్టే పని టంకశాలకి కాక బౌల్టన్‌కే అప్పజెప్పారు. ఆయన అప్పటికే ఆవిరి యంత్రంతో నడిచే అచ్చులు పెట్టి, ఆర్డరు కోసం పదేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. ఆయన పెన్నీ సరిగ్గా ఒక ఔన్సు, రెండు పెన్నీల బిళ్ళ రెండు ఔన్సులు. అంచు ఎత్తుగా, మందంగా ఉండటంతో జనం బండి చక్రాలు అన్నారు. దొంగవి చేయడం కష్టమే, మోయడం కూడా కష్టమే. ఒక పౌనుకి 240 పెన్నీలు తూచితే దాదాపు ఏడు కిలోలు. రెండు పెన్నీల బిళ్ళని కొట్టువాళ్ళు తూకం రాయిగా వాడుకున్నారట. తర్వాత రాగి ధర పెరిగేసరికి కరిగించి అమ్ముకున్నవాళ్ళూ ఉన్నారు.

యుద్ధం సాగి, చిల్లర మళ్ళీ కరువై 1811 నుంచి రెండో విడత బిళ్ళలు వచ్చాయి. ఈసారి వేసినవాళ్ళలో పేదల ఇళ్ళు నడిపే అధికారులు కూడా ఉన్నారు. బర్మింగ్‌హాం, షెఫీల్డ్ ఊళ్ళ వాళ్ళు పేదల సహాయం కోసం సొంత బిళ్ళలు కొట్టించారు. 1817లో ప్రైవేటు బిళ్ళల్ని నిషేధిస్తూ చట్టం చేశారు. వేసినవాళ్ళు వెనక్కి తీసుకుని చెల్లించాలి, 1818 నుంచి చలామణి ఆగాలి. ఈ రెండు ఊళ్ళ పేదల బిళ్ళలకి మాత్రం అదనంగా గడువు ఇచ్చారు. ఒక్కసారే అన్నీ వెనక్కి వస్తే చెల్లించే భారం పేదల నిధి మీదే పడుతుంది కాబట్టి. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దైనప్పుడు పోపుల డబ్బాలో దాచిన ఐదు వందల నోట్లు తీసుకుని బ్యాంకు దగ్గర లైనులో నిలబడ్డ మనకి, గడువు అనే మాట బరువు తెలుసు.

ఈ కథలో మన తెలుగు జిల్లాలకి కూడా ఒక కొస ఉంది. సొంత దేశపు ఆర్డరు కోసం బౌల్టన్ ఎదురుచూస్తున్న రోజుల్లో ఆయన యంత్రాల మీద తయారైన రాగిలో కొంత మన కోసం వచ్చింది. ఈస్టిండియా కంపెనీ చేతిలో అప్పటికే ఉత్తర సర్కార్లు ఉన్నాయి, అంటే గంజాం నుంచి గుంటూరు దాకా కోస్తా. 1794 తేదీతో ఆ ప్రాంతానికని బౌల్టన్ టంకశాలలో రాగి నాణేలు కొట్టారు. 48 ఇస్తే ఒక రూపాయి అనేది పెద్దది, 96 ఇస్తే ఒక రూపాయి అనేది చిన్నది. ఆ మాట వాటి మీద ఇంగ్లీషులో రాసి ఉంది, ఇంకో వాక్యం లాటిన్‌లో. తెలుగు అక్షరం ఒక్కటి లేదు. విశాఖ, మచిలీపట్నం బజార్లలో కూరలమ్మిన మన ముత్తవ్వలు ఆ బిళ్ళని ఏ నమ్మకంతో తీసుకున్నారో, అంచు చదివి మాత్రం కాదు. మద్రాసులో తర్వాత కొట్టిన డబ్బు బిళ్ళల మీద తెలుగు, తమిళం వచ్చాయి. డబ్బు అనేది అప్పట్లో ఒక రాగి బిళ్ళ పేరు. బిళ్ళ పోయి పేరు మిగిలింది, ఇప్పుడు లక్షలున్నా దాన్ని డబ్బు అనే అంటున్నాం.

ఆ యంత్రాల నుంచే 1808 తేదీతో 10 కాసులు, 20 కాసుల బిళ్ళలు మద్రాసుకని తయారయ్యాయి. పీపాల్లో నింపి అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడకి ఎక్కించారు. 1809 జనవరిలో ఆ ఓడ ఇంగ్లండు తీరం దాటకుండానే గుడ్విన్ ఇసుక తిన్నెల్లో తుఫానుకి మునిగింది. 1980లలో ఈతగాళ్ళు వెలికి తీసేదాకా లక్షల కాసులు ఆ ఇసుకలోనే ఉన్నాయి. పీపాల్లోంచి తీసిన వాటిలో చాలావాటికి కిలుం కూడా పట్టలేదట. ఎవరూ వాడలేదు కదా, ఇప్పటికీ కొత్త బిళ్ళల్లాగే ఉన్నాయి.